తీగల ఎత్తులో అర మిల్లీమీటరు: వాద్యాలకు చేయించే చిన్న మార్పుల వెనుక లెక్క

కొత్తగా గిటారు కొన్నవారి నోట మొదట వినబడే ఫిర్యాదు ఒకటే: తీగలు గట్టిగా ఉన్నాయి, వేళ్లు నొప్పి పుడుతున్నాయి. వయొలిన్ నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు బిరడాలు (తీగలను బిగించే చెక్క మేకులు) నిలవడం లేదని, గంట గడవకముందే శ్రుతి జారిపోతోందని అంటారు. వీణ ఉన్న ఇళ్లలో వేసవి దాటాక ఫలానా మెట్టు దగ్గర స్వరం తేడాగా పలుకుతోందన్న మాట వస్తుంది. మూడింటికీ మనకు తోచే పరిష్కారం కూడా ఒక్కటే. ఆబిడ్స్‌కో సికింద్రాబాద్‌కో తీసుకెళ్లి, వాద్యాలు బాగుచేసేవారి చేతిలో పెట్టి, "తీగలు కొంచెం దించండి", "బిరడాలు బిగించండి" అని చెప్పి వచ్చేస్తాం. పని చిన్నదే. అయితే తీగ వాద్యంలో ఏ చిన్న పనీ ఒంటరిగా జరగదు. ఒక చోట ముట్టుకుంటే మరో రెండు చోట్ల లెక్క మారుతుంది, ఆ మార్పుల్లో కొన్నింటిని వెనక్కి తీసుకోగలం, కొన్నింటిని ఎంత గొప్ప పనివాడూ వెనక్కి తేలేడు. ఏది ఎటువంటిదో వాద్యం యజమానికి ముందే తెలిసి ఉండటం అవసరమని నా నమ్మకం.

స్టీలు తీగల గిటారుతో మొదలుపెడదాం. మామూలు లైట్ గేజ్ (సన్న రకం) తీగలు ఆరింటినీ శ్రుతి చేసినప్పుడు అవన్నీ కలిసి మెడ మీద, పలక మీద తీగలు ఆనే బ్రిడ్జి మీద 70 కిలోలకు పైబడిన బలంతో లాగుతుంటాయి. నైలాన్ తీగల క్లాసికల్ గిటారులో ఈ లాగుడు దాదాపు 40 కిలోలు. పలుచని చెక్క పలక, సన్నని మెడ రాత్రింబవళ్లు ఈ బిగువును మోస్తూ ఉంటాయి కాబట్టి అవి కదలకుండా ఉండటం అసాధ్యం. తీగకూ ఫ్రెట్‌కూ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టుకూ) మధ్య ఉండే ఎత్తును వాయించేవారు యాక్షన్ అంటారు. దాన్ని సాధారణంగా 12వ ఫ్రెట్ దగ్గర కొలుస్తారు. స్టీలు తీగల గిటారులో లావు తీగకు రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగకు రెండు మిల్లీమీటర్లు ఉంటే చాలామందికి హాయిగా ఉంటుంది. క్లాసికల్ గిటారులో అదే కొలత సుమారు 4, 3 మిల్లీమీటర్లు ఉంటుంది, ఎందుకంటే నైలాన్ తీగ వదులుగా ఉండి, మీటినప్పుడు ఎక్కువ మేర ఊగుతుంది. ఎలక్ట్రిక్ గిటారులో రెండు మిల్లీమీటర్ల లోపే సరిపోతుంది.

ఈ ఎత్తును మూడు చోట్లు నిర్ణయిస్తాయి: తల దగ్గర తీగలు ఆనుకునే నట్, బ్రిడ్జి మీద తీగలు ఆనుకునే సాడిల్, ఈ రెండింటి నడుమ మెడకు ఉన్న వంపు. తీగలు గట్టిగా ఉన్నాయనే ఫిర్యాదుకు కారణం ఈ మూడింటిలో ఏదైనా కావచ్చు. వైద్యం మాత్రం దేనికదే వేరు. మొదటి ఫ్రెట్ దగ్గర నొక్కడం కష్టమై, ఎఫ్ కార్డ్ (మొదటి ఫ్రెట్ దగ్గర ఒకే వేలితో పలు తీగలను నొక్కి పట్టే స్వరాల గుత్తి) పట్టలేక, పైకి వెళ్లే కొద్దీ సులువుగా ఉంటే తప్పు నట్‌లో ఉంది. దీన్ని ఇంట్లోనే చూసుకోవచ్చు. తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి, మొదటి ఫ్రెట్‌కూ తీగకూ మధ్య ఖాళీ ఎంత ఉందో చూడాలి. కనబడీ కనబడనంత ఉంటే నట్ బాగుంది, స్పష్టంగా ఖాళీ కనబడితే నట్ గాడులు ఎత్తుగా ఉన్నాయి. అలా కాక కింది ఫ్రెట్ల దగ్గర బాగానే ఉండి 12వ ఫ్రెట్ వైపు వెళ్లేకొద్దీ తీగ దూరమైపోతుంటే సాడిల్ వైపు చూడాలి. మెడ మధ్యలో, ఏడో ఫ్రెట్ ప్రాంతంలో, ఖాళీ మరీ ఎక్కువగా ఉంటే అది మెడ వంపు సంగతి.

మెడ వంపును సరిచేయడానికి ట్రస్ రాడ్ ఉంటుంది. మెడ లోపల పొడవునా అమర్చే ఈ ఉక్కు కడ్డీకి గిబ్సన్ సంస్థ 1923లో పేటెంట్ పొందింది. తీగలు మెడను ముందుకు వంచుతుంటే ఈ కడ్డీ వెనక్కి లాగి నిలబెడుతుంది. మెడ గీత గీసినట్టు తిన్నగా ఉండాలని చాలామంది అనుకుంటారు. నిజానికి తీగ కంపించేటప్పుడు మధ్యలో ఎక్కువ ఊగుతుంది కాబట్టి, ఆ ఊపుకు చోటు దొరికేలా ఏడెనిమిది ఫ్రెట్ల దగ్గర 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్ల లోతు, అంటే ఒక విజిటింగ్ కార్డు మందమంత, కావాలనే ఉంచుతారు. ట్రస్ రాడ్ పని ఈ లోతును అదుపులో ఉంచడం వరకే. సాడిల్ ఎత్తుగా ఉన్నందువల్ల పైకి లేచిన తీగలను రాడ్ బిగించి దించాలని చూస్తే మెడ వెనక్కి వంగి, మొదటి నాలుగైదు ఫ్రెట్లలో తీగ గరగరమనడం మొదలవుతుంది. రాడ్‌ను ఒకేసారి పావు చుట్టుకు మించి తిప్పకపోవడం, తిప్పాక మెడ సర్దుకోవడానికి సమయం ఇచ్చి మళ్లీ కొలవడం చేతిపని తెలిసినవారి పద్ధతి.

సాడిల్ అరగదీయడం చూడటానికి అతి సాదా పని. అందులోని జాగ్రత్త మాత్రం కాస్త దగ్గరగా నిలబడి చూస్తేనే తెలుస్తుంది. 12వ ఫ్రెట్ నట్‌కూ సాడిల్‌కూ సరిగ్గా మధ్యలో ఉంటుంది కాబట్టి, అక్కడ తీగను అర మిల్లీమీటరు దించాలంటే సాడిల్‌లోంచి ఒక మిల్లీమీటరు తీయాలి. పనివాడు తీగలు వదులు చేసి, ఎముకతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన ఆ సన్నని పట్టీని బ్రిడ్జి గాడిలోంచి పైకి లాగుతాడు. అడుగు అంచుకు ఒక మిల్లీమీటరు పైన పెన్సిల్‌తో గీత గీస్తాడు. గాజు పలక మీద గరుకు కాగితం పరిచి, పట్టీని నిటారుగా పట్టుకుని, ఒకే దిశలో, ఒకే ఒత్తిడితో రుద్దుతూ, నాలుగైదు సార్లకొకసారి ఎత్తి గీతతో పోల్చుకుంటాడు. రుద్దేది పైభాగాన్ని కాదు, అడుగును. పైన తీగలు ఆనే వంపు ఫ్రెట్ బోర్డు వంపుకు తగ్గట్టు ముందే చేసి ఉంటుంది, దాన్ని కదిలిస్తే ఒక్కో తీగ ఒక్కో ఎత్తుకు పోతుంది. అడుగు ఏమాత్రం వాలుగా అరిగినా సాడిల్ గాడిలో పూర్తిగా ఆనదు, ఆ మేరకు నాదం పలుచబడుతుంది. సాడిల్ కింద పికప్ (తీగల కంపనాన్ని ఆంప్లిఫయర్‌కు అందించే పరికరం) ఉన్న గిటారులో అయితే ఆంప్లిఫయర్ పెట్టగానే ఒక తీగ గట్టిగా, పక్క తీగ నీరసంగా వినిపిస్తుంది.

అంత జాగ్రత్తగా చేసినా తీసేసిన మిల్లీమీటరు తిరిగి రాదు. కానీ సాడిల్ అనేది మార్చుకోదగ్గ భాగం. కొత్తది చేసి పెట్టవచ్చు. నట్ కూడా అంతే. మెడ, పలక, బిరడాల పెట్టె అలాంటివి కావు. తీసేయడం తప్పనిసరైతే మార్చగల భాగం నుంచే తీయాలి, వాద్యం ఒంటి నుంచి తీయడం ఆఖరి మార్గంగా ఉండాలి. ఈ ఒక్క సూత్రం తెలిసి ఉంటే దుకాణంలో వినే సలహాల్లో సగానికి పైగా మనమే తూచుకోగలం.

ఎత్తు మారితే స్వరం కూడా మారుతుంది. తీగను ఫ్రెట్ మీదకు నొక్కినప్పుడు అది కొద్దిగా సాగుతుంది, సాగిన తీగ శ్రుతి పెరుగుతుంది. తీగ ఎంత ఎత్తుగా ఉంటే అంత ఎక్కువ సాగుతుంది, ఎంత లావుగా ఉంటే అంత ఎక్కువ పెరుగుతుంది. ఈ పెరుగుదలను సరిచేయడానికి సాడిల్‌ను లెక్కకు వచ్చే బిందువు కంటే కొంచెం వెనక్కి, లావు తీగల వైపు మరికొంచెం వెనక్కి పెడతారు. బ్రిడ్జి మీద సాడిల్ ఏటవాలుగా కనబడటానికి కారణం ఇదే. 12వ ఫ్రెట్ దగ్గర తీగను తేలికగా తాకి మీటితే వచ్చే స్వరం, అక్కడే నొక్కి మీటితే వచ్చే స్వరం ఒకటిగా ఉండాలి. నొక్కినది ఎక్కువ పలికితే తీగ పొడవు పెంచాలి, తక్కువ పలికితే తగ్గించాలి. ఎలక్ట్రిక్ గిటారులో ప్రతి తీగకూ ఒక స్క్రూ ఉంటుంది. అకూస్టిక్ గిటారులో ఉన్న చోటు సాడిల్ మందం, అంటే రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే. ముందు మెడ, తరువాత నట్, సాడిల్ ఎత్తులు, అన్నిటికంటే ఆఖరున ఈ స్వరశుద్ధి చూడాలన్న వరుస అందుకే వచ్చింది. వరుస తప్పితే ఆఖరున సరిచేసినది మళ్లీ చెడుతుంది.

వీటన్నిటికంటే ముందు నిర్ణయించుకోవలసినది తీగల మందం, శ్రుతి. తీగ పౌనఃపున్యం దాని పొడవు మీద, బిగువు మీద, బరువు మీద ఆధారపడుతుందని ఫ్రెంచి పండితుడు మెర్సెన్ 1636లో ప్రచురించిన గ్రంథంలో సూత్రీకరించాడు. పొడవు, మందం మారకుండా శ్రుతి రెండు అర్ధస్వరాలు (గిటారు మీద రెండు ఫ్రెట్ల దూరం) దించితే బిగువు దాదాపు ఐదో వంతు పడిపోతుంది. అదే బిగువు నిలవాలంటే తీగ మందం సుమారు 12 శాతం పెరగాలి. 12 నంబరు (తీగ మందాన్ని తెలిపే సంఖ్య) తీగ వేసిన చోట 13 నంబరు కన్నా కాస్త లావు తీగ కావాలన్నమాట. లావు తీగ వేస్తే నట్ గాడి వెడల్పు చాలదు, సాడిల్ దగ్గర సరిదిద్దిన స్వరం తప్పుతుంది. గట్టి తీగల నుంచి సన్న తీగలకు మారడం కూడా ఇలాగే పని పెంచుతుంది: బిగువు తగ్గగానే మెడ వెనక్కి పోయి తీగలు గరగరమంటాయి.

మన కర్ణాటక వయొలిన్ విషయంలో ఈ లెక్కకు ప్రత్యేకమైన ప్రాముఖ్యం ఉంది. పాశ్చాత్య పద్ధతిలో జి, డి, ఎ, ఇ స్వరాలకు బిగించే నాలుగు తీగలను మనం షడ్జమం, పంచమం, షడ్జమం, పంచమంగా శ్రుతి చేస్తాం. ఐదు శ్రుతి (షడ్జమం జి స్వరం మీద ఉండే) గాయనికి పక్కవాద్యం వాయించేటప్పుడు కింది రెండు తీగలు యథాస్థానంలోనే ఉంటాయి. పై రెండూ మాత్రం ఒక్కొక్కటి రెండు అర్ధస్వరాలు దిగుతాయి, అంటే వాటి బిగువు ఐదో వంతు తగ్గుతుంది. పురుష గాయకుల శ్రుతికి దించితే నాలుగు తీగలూ ఇంకా చాలా వదులవుతాయి. వదులైన తీగ కమాను కింద ఎక్కువగా ఊగి ఫింగర్ బోర్డుకు (వేళ్లతో తీగలు నొక్కే పలకకు) తగులుతుంది. గమకం జారడానికి వీలుగా ఉంటుందని తీగలను మరీ కిందికి దించమని కోరేవారు ఈ సంగతి గమనించాలి. ఫింగర్ బోర్డు చివర సన్న తీగ కింద మూడు నుంచి మూడున్నర, లావు తీగ కింద ఐదు నుంచి ఐదున్నర మిల్లీమీటర్లు ఉండాలన్న మామూలు కొలతలు పాశ్చాత్య శ్రుతిని దృష్టిలో పెట్టుకున్నవి. మన శ్రుతికి ఆ ఎత్తును కొంచెం ఎక్కువ ఉంచుకోవాలి, లేదా లావు తీగలకు మారాలి. మీరు ఏ శ్రుతికి వాయిస్తారో అడగకుండా బ్రిడ్జి మీద ఆకురాయి పెట్టే చోట వయొలిన్ వదిలి రాకపోవడం మేలు.

వయొలిన్ బ్రిడ్జి దేనితోనూ అతికించి ఉండదు. తీగల ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది. లోపల, సన్న తీగ వైపు బ్రిడ్జి పాదానికి కాస్త వెనుకగా, దాదాపు 6 మిల్లీమీటర్ల మందం ఉన్న స్ప్రూస్ కర్ర ఒకటి పై పలకకూ కింది పలకకూ మధ్య నిలబడి ఉంటుంది. దీన్ని సౌండ్ పోస్ట్ అంటారు. దీనికీ జిగురు ఉండదు. రెండో వైపు, లావు తీగల కింద, పై పలక లోపలి భాగానికి బాస్ బార్ అనే పొడవాటి చెక్క అతికించి ఉంటుంది. నాదం బొంగురుగా ఉన్నా, కీచుగా ఉన్నా నిపుణుడు ముందు చూసేది సౌండ్ పోస్ట్‌నే. ఎఫ్ ఆకారపు రంధ్రంలోంచి వంకర ఇనుప పనిముట్టును లోపలికి పెట్టి, ఆ కర్రను మిల్లీమీటరులో భాగాలుగా జరుపుతూ, ప్రతిసారీ వాయించి వింటాడు. ఏమీ తీయకుండా, ఏమీ కలపకుండా వాద్యం కంఠాన్ని మార్చగలిగిన పని ఇది, పైగా నచ్చకపోతే వెనక్కి జరపవచ్చు. వయొలిన్ మీద డబ్బు ఖర్చు పెట్టదలచినవారు ఖరీదైన తీగలకన్నా ముందు దీనికి పెట్టాలని చెబుతాను. నాలుగు తీగలూ ఒకేసారి విప్పితే ఈ కర్ర పడిపోయే ప్రమాదం ఉంది, అందుకే తీగలు ఒక్కొక్కటిగా మార్చాలి.

ఎడమచేతి వాటం పిల్లల కోసం తీగలను తిరగేసి వేయించడం చిన్న మార్పు అనుకునేవారున్నారు. బాస్ బార్ ఎటు ఉందో తెలిస్తే అది ఎంత పెద్ద పనో అర్థమవుతుంది. పలక విప్పితే తప్ప ఆ మార్పు పూర్తి కాదు.

జిగురు సంగతి తప్పనిసరిగా చెప్పాలి. వయొలిన్ అతుకులకు తరతరాలుగా జంతు చర్మంతో చేసిన వేడి జిగురు వాడుతున్నారు. అది వేడికీ తడికీ విడివడుతుంది కాబట్టి, తరువాత ఎప్పుడైనా పలకను చెక్క చిరగకుండా విప్పవచ్చు. పగులు కనబడగానే వడ్రంగి పనికి వాడే తెల్ల జిగురో, క్షణంలో అంటుకునే జిగురో పోస్తే ఆ పూటకు అతుకుతుంది. ఆ తరువాత బాగుచేయబోయేవారికి మాత్రం ఆ అతుకు తెరుచుకోదు, పాత జిగురు పీల్చుకున్న చెక్కకు కొత్త జిగురు పట్టదు.

వీణ దగ్గరికి వస్తే మొత్తం లెక్క వేరు. దండి (వీణ మెడ) మీద 24 మెట్లను మైనంతో చేసిన గట్టు మీద నిలుపుతారు. తేనెమైనంలో మసి, గుగ్గిలం వంటివి కలిపి చేసే ఆ ముద్దను వేడి చేసి దండికి ఇరువైపులా గట్టుగా పోసి, మెట్టును అందులో కూర్చోబెట్టి, మైనం ఇంకా మెత్తగా ఉండగానే తీగ మీటి, విని, గోరంత ముందుకో వెనక్కో జరిపి నిలుపుతారు. మేళం కట్టడం అనే ఈ పనికి కొలబద్ద చెవే. గిటారు ఫ్రెట్ల స్థానాలు కర్మాగారంలో లెక్క ప్రకారం కోసినవి, అందరికీ ఒకటే. వీణ మేళం మాత్రం కట్టినవారి శ్రుతిజ్ఞానాన్ని మోస్తుంది. కనుక మేళం కట్టించేటప్పుడు వాయించేవారు పక్కన కూర్చోవడం, ఏ శ్రుతిలో, ఏ మందం తీగలతో వాయిస్తారో అవే తీగలు బిగించి ఉంచడం ముఖ్యం. తీగలు తరువాత మారిస్తే మెట్ల స్థానాలు కొద్దిగా తప్పుతాయి.

మైనం వల్ల వచ్చే సౌలభ్యం, బలహీనత రెండూ ఒకే గుణంలోంచి వచ్చాయి. తేనెమైనం 62 నుంచి 65 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. మే నెలలో అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో వీణను గంటసేపు వదిలితే మెట్లు పక్కకు వాలడానికి అది చాలు. దీనికి విరుగుడుగా మైనం లేకుండా స్క్రూలతో జరుపుకునే మెట్లు, బిరడాల స్థానంలో గిటారు తరహా ట్యూనింగ్ కీలు (తీగను బిగించే లోహపు మరలు) వచ్చాయి. ప్రయాణాలు ఎక్కువగా చేసే కళాకారులకు కీలు నిజంగా ఉపయోగం. బిరడాల కోసం ఉన్న రంధ్రాలను మార్చి లోహపు కీలు బిగించడం మాత్రం వెనక్కి తిరగని పని. పాత బొబ్బిలి వీణకు, అందునా ఒకే పనస మొద్దు నుంచి తొలిచిన ఏకాండి వీణకు, ఆ పని చేయించకుండా బిరడాలను సరిగ్గా కూర్చోబెట్టించడమే నాకు సమంజసంగా తోస్తుంది. వీణ గుర్రం (తీగలు ఆనే బ్రిడ్జి) మీది లోహపు రేకు తీగల రాపిడికి గాళ్లు పడి నాదం మొద్దుబారడం కూడా తరచుగా జరుగుతుంది. ఆ రేకును తిరిగి నునుపు చేయడం కూడా చెవితో చేసే పనే.

వాతావరణం గురించి హైదరాబాద్ వాసులు ప్రత్యేకంగా ఆలోచించాలి. దక్కను పీఠభూమి మీద ఉన్న ఈ నగరంలో ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో గాలిలో తేమ 30 శాతం కన్నా దిగువకు పడిపోతుంది. జూలై, ఆగస్టుల్లో 70, 80 శాతానికి చేరుతుంది. గిటారు తయారీదారులు సాధారణంగా కోరేది 45 నుంచి 55 శాతం. చెక్క పొడవునా పెద్దగా మారదు, అడ్డంగా మాత్రం ముడుచుకుంటుంది, ఉబ్బుతుంది. వేసవిలో గిటారు పలక కిందికి దిగి, తీగలు ఫ్రెట్లకు దగ్గరై గరగరమంటాయి. చెక్క ముడుచుకున్నా లోహం ముడుచుకోదు కాబట్టి ఫ్రెట్ల చివరలు మెడ అంచున చేతికి గుచ్చుకుంటాయి. వానాకాలంలో పలక ఉబ్బి తీగలు పైకి లేస్తాయి. వయొలిన్ బిరడాలు ఎండల్లో జారుతాయి, వానల్లో బిగుసుకుంటాయి. అంటే ఆగస్టులో తీగలు ఎత్తుగా ఉన్నాయని సాడిల్‌ను బాగా అరగదీయిస్తే మేలో అదే గిటారు వాయించరాదు. అనుభవం ఉన్న కొందరు రెండు సాడిళ్లు చేయించుకుని, వేసవికొకటి, వానాకాలానికొకటి మార్చుకుంటారు. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాల నుంచి ఇక్కడికి తెచ్చిన వాద్యాన్ని వెంటనే సెటప్‌కు (తీగల ఎత్తులు, స్వరాలు సరిచేసే పనికి) ఇవ్వకుండా రెండు వారాలు పెట్టెలో ఉంచి ఇక్కడి గాలికి అలవాటు పడనివ్వడం మంచిది. ఏసీ గదిలో ఉంచేవారు గదిలోని పొడిదనాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

బిరడాల విషయంలో కూడా తొందరపాటు చేటు తెస్తుంది. జారుతున్న బిరడాకు ముందు సుద్ద, సబ్బు కలిపి పూసి చూడాలి. రంధ్రం అరిగి కోలగా మారినప్పుడే దాన్ని గుండ్రంగా తొలిచి, లావు బిరడా వేయాలి. ఒకసారి రంధ్రం పెద్దదయ్యాక మళ్లీ చిన్నది కావాలంటే చెక్క పూడ్చి కొత్తగా తొలవాలి.

పికప్ బిగించడం గురించి క్లుప్తంగా చెబుతాను. గిటారు అడుగున జాక్ కోసం సుమారు 12 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తారు, సాడిల్ కింద పికప్ పెడితే దాని మందం మేరకు సాడిల్ అడుగు అరగదీస్తారు. వేదికల మీద తరచుగా వాయించనివారికి పలక మీద అంటించి తీసేసే కాంటాక్ట్ పికప్ చాలు. పాత వయొలిన్‌కు, వీణకు రంధ్రం వేయించాల్సిన అవసరం దాదాపుగా రాదు.

ఇదంతా చదివి వాద్యాలకు మార్పులే చేయించకూడదని అనుకోవద్దు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ యు. శ్రీనివాస్ (1969–2014) వాయించిన వాద్యాన్నే చూడండి. మామూలు మాండలిన్‌లో నాలుగు జతలుగా 8 తీగలు ఉంటాయి. జంట తీగలను పక్కకు లాగి గమకం పలికించడం కష్టం. ఆయన ఐదు ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎంచుకుని, దాని మీద కర్ణాటక సంగీతాన్ని పూర్తి గమకంతో వినిపించారు. ఏ స్వరం పలకడం లేదో, ఎందుకు పలకడం లేదో స్పష్టంగా తెలిసినవారికి వాద్యాన్ని మార్చుకునే హక్కు పూర్తిగా ఉంది.

నిపుణుడితో మాట్లాడేటప్పుడు కూడా ఆ స్పష్టతే పనికొస్తుంది. "సాడిల్ తగ్గించండి" అని చికిత్స చెప్పకుండా, ఏ తీగ మీద, ఎన్నో ఫ్రెట్ దగ్గర, ఎలా వాయించినప్పుడు ఇబ్బంది వస్తోందో చెప్పాలి. వీలైతే అక్కడే వాయించి చూపించాలి, ఎందుకంటే గట్టిగా మీటేవారికి కావలసిన ఎత్తు, మెత్తగా మీటేవారికి అక్కర్లేదు. ముందు కొలతలు తీసి రాసుకునేవారిని, మీ శ్రుతి, తీగల నంబరు అడిగేవారిని, "ఇది ఇప్పుడు అవసరం లేదు" అనగలిగేవారిని నమ్మవచ్చు. గిటారు పని బాగా తెలిసినవారికి వయొలిన్ సౌండ్ పోస్ట్ తెలియాలని లేదు, వయొలిన్ తెలిసినవారికి వీణ మేళం తెలియాలని లేదు. ఇవి మూడు వేర్వేరు చేతిపనులు. రామ్‌కోటిలోని త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలోనో, మీకు నేర్పే గురువు దగ్గరో ఏ పనికి ఎవరి దగ్గరికి వెళ్తారో అడిగి తెలుసుకోవచ్చు. వీణకు పెద్ద పని పడితే బొబ్బిలి, నూజివీడు పనివారిని సంప్రదించడం మేలు.

వాద్యం వెనక్కి తీసుకునేటప్పుడు తీసేసిన పాత నట్, సాడిల్, బ్రిడ్జి అడిగి తీసుకోండి. వాటిని చిన్న కవరులో వేసి, చేసిన తేదీ, 12వ ఫ్రెట్ దగ్గర పనికి ముందు, తరువాత ఉన్న కొలతలు, వేసిన తీగల నంబరు రాసి పెట్టెలోనే ఉంచండి. కొత్త తీగలు సాగి నిలకడకు రావడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి, రెండు వారాలు వాయించాక ఒకసారి మళ్లీ చూపించడానికి వస్తానని ముందే మాట్లాడుకోండి. మంచి పనివారు ఆ రెండో చూపును పనిలో భాగంగానే లెక్కిస్తారు.